రాత్రి పొట్లంలో నల్ల గోలీ

నేను రిటైరైన రోజు శాలువా కప్పి, మా పెద్ద డాక్టరుగారు మైకులో ఒక మాటన్నారు. "ఇన్నేళ్ల సర్వీసులో ఈమె కౌంటర్ నుంచి తప్పు మందు ఒక్కటి కూడా బయటికి పోలేదు" అని. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తలొంచుకుని శాలువా అంచు సర్దుకుంటూ కూర్చున్నాను. చూసినవాళ్లు మొహమాటం అనుకుని ఉంటారు. మొహమాటం కాదు, సిగ్గు. ఆయన అన్నది ఒక లెక్కన నిజమే, తప్పు మందు పోలేదు. మంచివే అనుకున్న రెండు రకాల గోలీలు ఒకే పొట్లంలో పోయాయి.

కొత్తగా మందుల కిటికీల వెనక కూర్చున్న పిల్లల్లారా, ఇది మీకోసం రాస్తున్నాను. మీరు నాకంటే బాగా చదువుకున్నారు, ఏం కావాలన్నా ఫోనులో చూసుకుంటారు. నా కాలంలో నాకున్నవి ఒక రిజిస్టరు, ఒక కత్తెర, కాస్త నోరు. నోరు కాస్త ఎక్కువే ఉండేది. నేను చెప్పబోయే దాంట్లో కత్తెర చేసిన తప్పు కంటే నోరు చేసిన తప్పే పెద్దది, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

మా దవాఖాన ఉప్పుగూడ స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో, ఒక పాత అద్దె ఇంట్లో ఉండేది. ఆ ఇంటి వంటగది కిటికీయే నా కౌంటర్. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ కిటికీ చువ్వల్లోంచి చేతులు లోపలికి వచ్చేవి. కూలికి పోయేవాళ్లు, రైల్వేలో చేసి దిగిపోయినవాళ్లు, బర్రెలు పెట్టుకుని పాలమ్మే ముసలమ్మలు, బురఖాల్లో ఆపాలు, అంటే ముస్లిం అక్కలు. "మేడం జల్దీ", "అక్కా, జర నాది సూడు", "సుబహ్ కా కౌన్సా, రాత్ కా కౌన్సా?" పొద్దుటిది ఏది, రాత్రిది ఏది అనే ఈ చివరి ప్రశ్న రోజుకు వందసార్లు వినేదాన్ని. చదువు రానివాళ్లకు ఆ వెండిరంగు రేకులన్నీ ఒకటే. షుగరు గోలీ రెండుసార్లు మింగి, బీపీ గోలీ అసలు మింగకుండా మా వరండాలోనే కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు ఉన్నారు.

అందుకని పొట్లాలు మొదలుపెట్టాను. మధ్యాహ్నం రద్దీ తగ్గాక పాత రిజిస్టర్లలో రాయని కాగితాలు చింపి మడిచేదాన్ని. పొద్దున వేసుకునే గోలీలన్నీ కత్తిరించి ఒక పొట్లంలో, రాత్రివన్నీ ఇంకో పొట్లంలో. పొద్దుటి పొట్లం మీద ఎర్ర పెన్నుతో సూర్యుడు, రాత్రి పొట్లం మీద నీలం పెన్నుతో చంద్రవంక. నెలకు ముప్పై సూర్యుళ్లు, ముప్పై చంద్రవంకలు, రబ్బరు బ్యాండు వేసి చేతిలో పెట్టేదాన్ని. బయట కొన్న మందులుంటే అవి కూడా తెమ్మని, వాటినీ అందులోనే వేసేదాన్ని. రూలు ప్రకారం నేను చేయాల్సిన పని కాదు. కాని జనం మందులు సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టారు. నాకు "పొట్లాల మేడం" అని పేరొచ్చింది. వేరే బస్తీల నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. గర్వంగా ఉండేది. ఆ గర్వం నా నడకలో కూడా కనిపిస్తుందని మా అటెండరు వెక్కిరించేవాడు.

ఆ పొట్లాల వల్ల బాగుపడ్డవాళ్లలో ఒకామె ఉంది. మాదన్నపేట కూరగాయల మార్కెట్ దగ్గర మిర్చీ బజ్జీల బండి ఆమెది. నలభై దాటని మనిషి, సన్నగా ఉన్నా గట్టిది. చిన్నప్పటి నుంచి ఫిట్స్. మందు పదిరోజులు వేసుకుని, ఒళ్లు బాగుందనిపించగానే మానేసేది. మళ్లీ ఎక్కడో రోడ్డుమీద పడిపోయేది. భర్త అదే మార్కెట్లో హమాలీ. బస్తా మోసినట్టు ఆమెను భుజాన వేసుకుని మా దవాఖానకు ఎన్నిసార్లు తెచ్చాడో లెక్కలేదు. ఆమెను తిట్టినంతగా నా కన్నబిడ్డలను కూడా నేను తిట్టలేదు. చివరికి పొట్లాలకు అలవాటు పడింది. అన్నం తినగానే చంద్రవంక పొట్లం విప్పి గోలీ మింగడం ఒక నియమంగా పెట్టుకుంది. నాలుగేళ్లు ఒక్క ఫిట్ రాలేదు.

ఆ ధైర్యంతోనే బండి పెట్టింది. "నూనె దగ్గర పైలం" అని నేనంటే నవ్వింది. "మంట కాడ నిలవడకపోతే మాకు బువ్వ ఎట్ల వస్తదక్కా" అంది. మొదటి వాయి బజ్జీలు కాగితంలో చుట్టుకుని నా కిటికీ దగ్గరికే తెచ్చింది. స్టాఫంతా పంచుకుని తిన్నాం. కారం నషాళానికి అంటింది. ఆ రోజు ఇంటికి పోతూ, నా ఉద్యోగంలో నేను చేసిన ఒక మంచి పని చూపించమంటే ఈ బండిని చూపిస్తాను అనుకున్నాను.

ఇప్పుడు మా సిస్టర్ సంగతి చెప్పాలి. మా దవాఖాన స్టాఫ్ నర్సు, నాకంటే రెండేళ్లు చిన్న. నన్ను వదినా అని పిలిచేది. మా ఆయనకు గుండె ఆపరేషనైనప్పుడు తన పని చేసుకుంటూనే నెలరోజులు నా కిటికీ కూడా చూసుకుంది. అలాంటి మనిషిని కాదనడం నాకు చేతకాదు. ఆమెకున్న బలహీనత ఒకటే, తన హ్యాండ్‌బ్యాగు. అందులో ఎప్పుడూ ఒక చిన్న దుకాణం ఉండేది. బరువు తగ్గించే చాయ్‌పత్తి, మోకాళ్లకు నూనె, జుట్టుకు ఏదో పొడి. ఒకరోజు అందులోంచి ఒక సీసా తీసి నా ముందు పెట్టింది.

"ఇది జూడు వదినా. బొగ్గు గోలీలు. మామూలు బొగ్గు గాదు, కొబ్బరి చిప్పలది. కడుపుల ఉన్న చెడంత గుంజేస్తది. గ్యాస్ పోతది, మొఖానికి కళ వస్తది."

"మా అమ్మ బతికినన్ని రోజులు బొగ్గుతోనే పండ్లు తోమింది. ఏం కళ రాలే" అన్నాను.

"నువ్వు మజాక్ జేస్తనే ఉండు. ఫోన్ల జూడు, దునియా మొత్తం ఇదే నడుస్తుంది."

చూస్తే నిజంగానే ఫోను నిండా అదే. నల్ల పేస్టు, నల్ల సబ్బు, చివరికి నల్ల ఐస్‌క్రీం కూడా. నాకు అప్పట్లో కడుపుబ్బరం ఉండేది. ఒక సీసా తీసుకున్నాను. రెండు వారాల్లో తగ్గింది. ఆ రెండు వారాలూ నేను సాయంత్రం సమోసాలు మానేశానన్న సంగతి మాత్రం అప్పుడు గుర్తు రాలేదు. గోలీయే పనిచేసిందనుకుని, ఇంకో సీసా అడిగి డ్రాయరులో పెట్టుకున్నాను.

ఇక్కడ నన్ను నేను తిట్టుకోకుండా ముందుకు పోలేను. బొగ్గు సంగతి తెలియనిదాన్ని కాదు నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో పనిచేశాను. గుప్పెళ్లకొద్దీ గోలీలు మింగిన మనుషులను అక్కడికి తెచ్చేవాళ్లు. వాళ్లకు నల్లటి బొగ్గుపొడిని నీళ్లలో చిక్కగా కలిపి పట్టించేవాళ్లం. స్టీలు జగ్గులో గరిటె పెట్టి కలిపింది ఈ చేతులే. అప్పటి డాక్టరు మాకు విడమరిచి చెప్పాడు. మింగిన మందును బొగ్గు కడుపులోనే పట్టేసుకుంటుంది, రక్తంలోకి పోనివ్వదు, అది ప్రాణం తీసే మందా నిలబెట్టే మందా అని చూసుకోదు అని. ఇంత తెలిసిన నేను, అదే బొగ్గు ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉన్న సీసాలో కనిపించేసరికి గుర్తుపట్టలేదు. క్యాజువాలిటీలో కలిపింది మందు, ఇది ఒంటికి మంచి చేసే వస్తువు, అంతే అనుకున్నాను. రెండూ ఒకటేనని నా బుర్రకు తట్టనే లేదు.

ఎండాకాలం మొదట్లో ఆ బజ్జీల ఆమె కడుపు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. పొద్దంతా నూనె పొగలో ఉండడం, తిండి ఏ నాలుగింటికో తినడం. మా దవాఖాన డాక్టరమ్మ రాసిన గ్యాస్ గోలీతో తగ్గలేదట.

"పండనీకి వస్తలేదక్కా. కడుపు డోలు లెక్క ఉబ్బుతుంది."

నేను డాక్టరమ్మను అడగలేదు. డ్రాయరులోంచి సీసా తీశాను. "ఇది ఏసుకో. నేను గూడ ఏసుకున్న. మంచిగైతది" అన్నాను. ఆమె సీసా కోసం చెయ్యి చాపింది. ఇవ్వలేదు. ఇస్తే ఎప్పుడు పడితే అప్పుడు వేసుకుంటుందని నా అనుమానం. ఆమెకు ఇవ్వాల్సిన ముప్పై చంద్రవంక పొట్లాలు ఒక్కొక్కటే విప్పి, తెల్లటి ఫిట్స్ గోలీ పక్కన రెండేసి నల్ల గోలీలు వేసి మళ్లీ మడిచాను. వెనక లైనులో వాళ్లు సణుగుతున్నా ఓపిగ్గా, ప్రేమగానే చేశాను. ఖాళీ సీసా నా డ్రాయరులోనే ఉండిపోయింది.

నెల తిరిగేసరికి మళ్లీ వచ్చింది. ఈసారి భర్త కూడా వెంట వచ్చాడు. మనిషి కాస్త బెదిరి ఉంది.

"కడుపు నయమైందక్కా. గని చెయ్యి ఊకె గుంజుతుంది. నిన్న జాలిగంటె చేతులకెల్లి కింద పడ్డది. కండ్ల ముంగట ఏందో మెరిసినట్టయితుంది."

ఫిట్స్ వచ్చే ముందు ఆమెకు అలాగే ఉండేదని నాకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఇవే మాటలు విన్నాను. వెంటనే కోపమొచ్చింది.

"గోలీ బంద్ జేసినవా?"

"లేదక్కా. ఒక్క రోజు గూడ ఇడువలే."

"నీ తీరు నాకు ఎర్క లేదా? నాలుగేండ్లు మంచిగున్నవ్, ఇగ గోలీతోని పనేంది అనుకున్నవ్."

ఆమె తన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. నిండా ఖాళీ పొట్లాలు. చంద్రవంకలన్నీ నూనె మరకలతో ఉన్నాయి. వేసుకున్న ప్రతి పొట్లం కాగితం దాచిపెట్టుకుందట, నాకు మళ్లీ పనికొస్తాయని. "లెక్కవెట్టుకో అక్కా" అని చువ్వల్లోంచి లోపలికి తోసింది.

నేను వాటిని ముట్టుకోలేదు. "ఖాళీ కాగితాలు ఎవ్వరైన దాస్తరు. లోపలిది మోరీల పారేసినవేమో, నాకెట్ల తెలుస్తది?" అన్నాను. లైనులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. భర్త ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపు నేను గమనించాను. మంచిదే, ఇకనుంచి ఇంట్లో ఇతనైనా కనిపెట్టుకుని ఉంటాడు అనుకున్నాను. ఎన్నో ఏళ్లుగా రోగుల అబద్ధాలు విని విని నాకు అదొక విద్యలాగా అబ్బింది, మనిషి మొహం చూసి చెప్పగలనని అనుకునేదాన్ని. ఆమె ఆ కాగితాలన్నీ మళ్లీ కవరులో సర్దుకుంది. తల ఎత్తలేదు.

డాక్టరమ్మ ఆ రోజు మీటింగుకు పోయింది. రేపు వచ్చి చూపించుకోమన్నాను. రేపు బండి మూసి ఆమె రాదని కూడా నాకు తెలుసు. మళ్లీ నెలకు పొట్లాలు కట్టాను. కడుపు నయమైందంది కదా అని సిస్టర్ దగ్గర ఇంకో సీసా తీసుకుని నల్ల గోలీలు మళ్లీ వేశాను. తమ్మీ, మింగేదాక పక్కనే ఉండి చూడు అని భర్తకు చెప్పి పంపాను. అతను సరే మేడం అని తలూపాడు.

వారం తర్వాత ఒక పొద్దున అటెండరు వస్తూనే చెప్పాడు. మునుపటి రోజు సాయంత్రం, బండి చుట్టూ జనం ఉన్న వేళ, ఆమెకు ఫిట్ వచ్చింది. పడుతూ పడుతూ బండిని పట్టుకుంది. బాణలి ఒరిగింది. కుడి చెయ్యి మోచేతి దాకా, మెడ ఒక పక్క కాలాయి. చుట్టూ ఉన్నవాళ్లు స్టవ్ ఆర్పారు, ఆమెను పక్కకు లాగారు. ఫిట్స్‌కు ఇనుము పట్టిస్తే తగ్గుతుందని ఎవరో పుణ్యాత్ముడు తాళంచెవుల గుత్తి తీసి ఆమె అరచేతిలో పెట్టి గట్టిగా మూశాడట. ఆ కాలిన చేతిలోనే. అది విన్నాక కూడా నా మనసులో మెదిలింది ఒకటే, గోలీ వేసుకోమంటే వేసుకోలేదు కదా అని.

మధ్యాహ్నం కౌంటర్ మూసి ఆసుపత్రికి పోయాను. కాలినవాళ్ల వార్డు బయట భర్త గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అప్పుడే ఒక కుర్ర డాక్టరు కేసు షీటు పట్టుకుని వచ్చాడు.

"రక్తంలో ఫిట్స్ మందు దాదాపు లేదు. మానేసిందా?"

"మేడమే జెప్పిండ్రు సార్, గోలీలు మోరీల పారేస్తుందని" అన్నాడు భర్త, నావైపు చెయ్యి చూపిస్తూ. నా మీద నేరం మోపడం లేదు, నన్ను సాక్షిగా చూపిస్తున్నాడు. "గీ వారం సంది నేనే పక్కపొంటి నిలవడి మింగిపిచ్చిన సార్. గంతకు ముందు ఏం జేసిందో."

డాక్టరు షీటులో ఏదో రాసుకున్నాడు. తలకిందులుగా ఉన్నా నాకు కనిపించింది. రోగి మందులు సరిగా వాడలేదు అని రాశాడు. వేరే మందులేమైనా వాడుతోందా అని అడిగితే, భర్త చొక్కా జేబులోంచి ఒక పొట్లం తీసి ఇచ్చి, మందుల చీటీ పట్టుకుని కిందికి పరుగెత్తాడు. డాక్టరు పొట్లం విప్పి అరచేతిలో పోసుకున్నాడు. ఒక తెల్లది, రెండు నల్లవి.

"ఈ నల్లవి ఏంటమ్మా?"

"గ్యాస్‌కి సార్. బొగ్గు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు అర్థమైంది.

"రెండూ కలిపి మింగుతోందా?"

"ఔను సార్."

"కలిపి ఎవరిచ్చారు?"

"నేనే."

"నల్లవి ఆపేయండి. ఆ ఫిట్స్ గోలీ అదే డోసు మళ్లీ మొదలుపెడదాం, చూద్దాం" అని డాక్టరు ఇంకో మంచం దగ్గరికి పోయాడు. షీటులో రాసిన వాక్యం అలాగే ఉంది. కొట్టేయమని నేను అడగలేదు. భర్త తిరిగొచ్చాక, "ఆ నల్ల గోలీ ఇగ వద్దు తమ్మీ, ఆమె ఒంటికి పడలే" అని మాత్రం చెప్పాను. అబద్ధం కాదు కాబట్టి చెప్పగలిగాను.

దవాఖానకు వచ్చి ఆ ఖాళీ సీసా తీసి చూశాను. వెనకవైపు, కళ్లద్దాలు పెట్టుకుంటే గాని కనబడని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, ఇతర మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి, వాటికి కొన్ని గంటల ఎడం ఇచ్చి వేసుకోవాలని. మందు కొన్నవాళ్లను లేబులు చదవలేదా అని తిట్టేదాన్ని నేను. సీసా ఆమె చేతికి ఇచ్చి ఉంటే ఆమె చదవలేకపోయినా, పక్కింటి పిల్లలెవరైనా చదివి చెప్పేవాళ్లేమో. ఆ అవకాశం కూడా లేకుండా లేబులు నా దగ్గర పెట్టుకుని, గోలీలు మాత్రం పొట్లంలో పోసి పంపాను.

సిస్టర్‌కు చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది. బ్యాగులో మిగిలిన సీసాలన్నీ చెత్తబుట్టలో పడేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఎవ్వరికి జెప్పకు వదినా. జెప్తే ఆమె చెయ్యి మంచిగైతదా? ఉత్త లొల్లి. నీకు ఇంక ఏడాదే ఉన్నది సర్వీసు."

ఆ మాట నాకు నచ్చింది. ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని ఎదురుచూస్తున్నట్టే ఉన్నాను. ఆదివారం చర్చిలో మోకాళ్లమీద ఉండి అంతా చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం తేలిక, ఆయన వచ్చి కిటికీ దగ్గర నిలబడడు.

పొట్లాలు కట్టడం మానేశాను. కొత్త రూలొచ్చిందని అబద్ధం చెప్పాను. ముసలివాళ్లు గొణిగారు, ఒకాయన నన్ను తిట్టాడు కూడా. ఇప్పుడైతే నేను మీకు పొట్లాలు కట్టొద్దని చెప్పను. ఏ గోలీ ఏ గోలీ పక్కన పడుతుందో చూసుకుని కట్టండి, సీసా మీది ముక్క వాళ్ల చెవిన వేసి కట్టండి. ఆరోజు నాకు ఆ మాత్రం ఆలోచించే ఓపిక లేదు. భయపడి మొత్తం మానేశాను.

ఆరు నెలలు ఆ బజ్జీల ఆమె రాలేదు. పురానాపూల్‌లో తల్లి దగ్గర కొన్నాళ్లు ఉందని, తర్వాత భర్త తీసుకొచ్చుకున్నాడని, బండి అమ్మేశారని అటెండరు చెబుతూ ఉండేవాడు. ఫిట్స్ గోలీలు ఆ అటెండరుతోనే పంపేదాన్ని. వాళ్ల ఇల్లు మా దవాఖానకు నాలుగు సందుల అవతలే ఉంది. నేను పోలేదు.

ఒక మధ్యాహ్నం, జనం పలచబడ్డాక, ఆమె తానే వచ్చింది. మెడ చుట్టూ కొంగు కప్పుకుంది. కుడిచేతి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి, చర్మం బిగిసిపోయి తెరుచుకోవడం లేదు. ఫిట్స్ మళ్లీ వచ్చాయా అని అడిగాను. ఒక్కటి కూడా రాలేదంది. అదే గోలీ, అదే డోసు, నల్లది లేదు, అంతే. నాకు ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

"నీకు మొఖం జూపియ్యనీకి శరమైందక్కా" అంది.

"నీకెందుకు శరం?"

"నువ్వు ముందుగాలనే జెప్పినవ్ గదా. నేను దినాం ఏసుకున్న అనే అనుకున్న. గని ఇంట్ల అందరు ఒక్కటే తీరు అంటున్నరు. గిప్పుడు నాకు గూడ డౌటొస్తుంది. ఏ దినమన్న మర్చిపోయిననేమో. నిద్రమబ్బుల కింద పడేసిననేమో. తప్పైంది అక్కా."

చెయ్యి కాలింది ఆమెకు, బండి పోయింది ఆమెకు, వచ్చి నన్ను క్షమించమంటోంది. ఇంకా ఊరుకుంటే నేను మనిషిని కాననిపించింది. తలుపు తీసి ఆమెను లోపలికి పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బొగ్గు ఏం చేస్తుందో, నాకు ఎప్పటి నుంచి తెలుసో, సీసా మీద ఏం రాసి ఉందో, ఆసుపత్రిలో ఏం చెప్పకుండా దాచానో. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, కుదరలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. తన చేతినే చూసుకుంది.

"అయితె నేను మర్చిపోలే."

"లేదు బిడ్డా."

"ఒక్క దినం గూడ."

"ఒక్క దినం గూడ మర్చిపోలే. నువ్వు అన్నీ సక్కగనే ఏసుకున్నవ్. నేను ఇచ్చిందే తప్పు."

ఆమె లేచి నిలబడింది. నన్ను తిడుతుందేమో, ఆ ముడుచుకున్న చేత్తోనే కొడుతుందేమో అనుకున్నాను. కొడితే పడదామనే ఉన్నాను.

"గీ మాట నాకు గాదక్కా, మా ఇంట్ల జెప్పు. మా ఆయన గోలీ ఏసినంక దినాం నోరు తెర్వమంటుండు. నాలిక కింద ఏలు పెట్టి సూస్తుండు, మింగిననా దాసిననా అని. అత్తమ్మ ముంగటనే."

కిటికీ మూసి, సిస్టర్‌కు చెప్పి, ఆమె వెంట నడిచాను. సిస్టర్ ఆపబోయి ఊరుకుంది. ఆమె ముందు, నేను వెనక. రైలు పట్టాల పక్క సందులో ఒకటే గది, ముందర రేకుల వసారా. భర్త మార్కెట్ నుంచి వచ్చి స్నానం చేసి తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి అతను హడావిడిగా చొక్కా వేసుకున్నాడు, కుర్చీ దులిపి వేశాడు.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. వాళ్లకు అర్థమయ్యేలా, ఏదీ దాచకుండా చెప్పాను. నీ భార్య అబద్ధం ఆడలేదు, ఒక్క గోలీ పారేయలేదు, ఆ రోజు లైనులో నేనన్నది ఉత్త అన్యాయం అన్నాను. ఉద్యోగం పోయినా పోనీ అని అక్కడికి పోయాను. నామీద ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలో కూడా చెప్పాను.

అతను రెండు చేతులూ జోడించాడు.

"మీరు మంచి కోసమే ఇచ్చిండ్రు మేడం. ఫికర్ జేయకుండ్రి. ఫిర్యాదు గిర్యాదు ఏం లేదు" అన్నాడు. అంత తొందరగా క్షమించేస్తాడని నేను అనుకోలేదు. నన్ను కనీసం ఒక ప్రశ్న కూడా అడగలేదు. తల్లి వైపు తిరిగి, "మేడం జెప్తున్నరు గదనే, అయితె నిజమే ఉంటది. ఇది గోలీలు ఏసుకున్నట్టే" అన్నాడు. ముసలామె అవునవునంటూ తలూపింది.

గోడ పక్కన నిలబడి ఉన్న ఆమె అప్పుడు నోరు విప్పింది. గొంతు పెంచలేదు.

"నేను గూడ గదే జెప్పిన. ఆర్నెల్ల సంది గదే జెప్తున్న. గామె జెప్తేనే నిజమైందా?"

అతను నావైపు చూశాడు, దానికి జవాబు కూడా నేనే చెప్పాలన్నట్టు.